తెల్ల చీటీ

మోచేయి సోమవారం ఉదయం పదకొండు గంటలకు విరిగింది.

గ్రామఫోను పెట్టెకూ పైనున్న బాకాకూ మధ్య వంపు తిరిగి ఉండే లోహపు ముక్కను ఆ షాపులో అందరూ మోచేయి అనే అనేవారు. బాకా బరువంతా దాని మీదే ఉంటుంది. ఆ పాతకాలపు నమూనాకు సరిపోయేది ఇంటర్నెట్‌లో అయిదు నెలలు వెతికితే ఒక్కటి దొరికింది. విరిగినప్పుడు పెద్ద చప్పుడేమీ కాలేదు. ఎండుపుల్ల విరిచినట్టు టిక్కుమంది. వాలిపోతున్న బాకాను మెకానిక్ రెండు చేతులతో పట్టుకున్నాడు. బాకా దక్కింది. మోచేయి మాత్రం రెండు ముక్కలై, ఒకటి స్క్రూకే అంటుకుని ఉండిపోయింది. రెండోది కింద పడి, దొర్లుకుంటూ కిటికీ దగ్గరి బల్ల కిందికి, అక్కయ్య కాళ్ళ దాకా వచ్చి ఆగింది.

ఆమె వంగి, చేత్తో నేలంతా తడిమి దాన్ని పైకి తీసింది.

ఆమెకు యాభై ఆరేళ్ళు. ఇప్పటి యజమాని తండ్రి ఆమెను అక్కయ్య అని పిలిచేవాడు. ఆయన పోయినా ఆ పిలుపు పోలేదు. కొడుకూ అలాగే పిలుస్తాడు, కొరియర్ తెచ్చేవాళ్ళూ అలాగే పిలుస్తారు. ఆన్‌లైన్‌లో కొన్న ప్రతి వస్తువూ ముందు ఆమె బల్ల మీదికే రావాలి. సూది కదలికను శబ్దంగా మార్చే సౌండ్ బాక్సులు, మోటారు స్ప్రింగులు, మైకా రేకులు, గొట్టం రికార్డులు పాడే ఫోనోగ్రాఫుల చక్రాలు ఇవన్నీ ఎక్కడెక్కడి అటకల మీద నుంచో పాత గుడ్డల్లో చుట్టుకుని వస్తాయి. అమ్మినవాళ్ళు పెట్టిన ఫోటోలు పక్కన పెట్టుకుని ఆమె వాటిని పరీక్షిస్తుంది. పగులూ అతుకూ లేకపోతే తెల్ల చీటీ కడుతుంది. పాత రిపేరు కనబడితే పసుపు చీటీ. పనికిరాకపోతే ఎర్ర చీటీ. తెల్ల చీటీ పడిందంటే సరుకు బాగానే అందిందని అమ్మినవాళ్ళకు జవాబు వెళ్ళిపోతుంది. ఆ తర్వాత తిప్పి పంపడమనే మాటే ఉండదు.

చప్పుడు విని యజమాని పక్క గదిలోంచి వచ్చాడు. ముప్పయి అయిదేళ్ళ వాడు, ఎప్పుడూ ఒక ఫోను చెవిదగ్గర, ఇంకొకటి జేబులో. ఈ గ్రామఫోను శనివారం ఇస్తానని ఖాతాదారుకు మాటిచ్చి ఉన్నాడు. ఆర్నెల్లలో అది మూడో మాట. విరిగిన ముక్క చేతికి తీసుకుని, దాని విరుపు చూడకుండా, దానికింకా వేలాడుతున్న చీటీ చూశాడు. తెల్లది. మీద అక్కయ్య గుండ్రటి అక్షరాలు: దోషం లేదు.

"అక్కయ్య చూసి ఇచ్చిందేగా ఇది," అన్నాడు మెకానిక్‌తో.

మెకానిక్‌ను షాపులో అందరూ పుర్రచేయి అంటారు. అతను అన్నం తినడం తప్ప అన్ని పనులూ ఎడమచేత్తోనే చేస్తాడు. ఇరవయ్యో ఏట ఇక్కడికి వస్తే, స్క్రూడ్రైవర్ ఎలా పట్టుకోవాలో నేర్పింది అక్కయ్యే. ఇప్పుడతనికి నలభై దగ్గర పడుతోంది.

"మామూలుగానే బిగించాను," అన్నాడతను.

"ఎడమచేత్తో తిప్పితే ఎంత బలం పడుతుందో నీకు తెలీదు. నాన్న అప్పట్లోనే అనేవాడు."

పుర్రచేయి ఒక్కసారి కిటికీ వైపు చూసినట్టనిపించింది అక్కయ్యకు. అంత దూరంలో అతని ముఖం ఆమెకు ఆవిరి పట్టిన అద్దంలో బొమ్మలా ఉంది. కోపంగా చూశాడో, ఊరికే చూశాడో తెలియలేదు. మళ్ళీ కబురు చేసేదాకా ఇంటి దగ్గరే ఉండమన్నాడు యజమాని. అతను పనిముట్లన్నీ ఒక్కొక్కటే తుడిచి, వేటి చోట వాటిని తగిలించి, తెరవని టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్ళిపోయాడు. విరగడానికి కారణం రెండు ముక్కల్లో రాసిమ్మని యజమాని అక్కయ్యకు చెప్పాడు. ఇన్నేళ్ళలో ఇలాంటివి చాలా రాసింది ఆమె. తొందరేం లేదు, రేపు పొద్దున ఇచ్చినా చాలన్నాడు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచాక ఆమె రెండు ముక్కలూ తెల్లగుడ్డ మీద పెట్టుకుని, భూతద్దం కుడికంటికి ఆనించుకుంది. ఈ పోత లోహం సంగతి ఆమెకు తెలియంది కాదు. చవగ్గా కరిగించి పోసిన సరుకు. ఏళ్ళు గడిచేకొద్దీ లోపల్నుంచి ఉబ్బి, బీటలు తీస్తుంది. కొత్తగా విరిగితే విరుపంతా పంచదార పలుకుల్లా మెరవాలి. ఇక్కడ సగమే మెరుస్తోంది. మిగిలిన సగం మాసిన బూడిదరంగులో ఉంది. రెండు సగాల సరిహద్దు మీద తేనెరంగు గీత ఒకటి. ఆమె గోటితో గీకింది. జిగురు. ఎవరో ఎన్నడో విరిగినదాన్ని అతికించి, సందుల్లో లప్పం నింపి, అరగదీసి, పైన వెండిరంగు పూశారు. మంచి పనివాడే చేశాడు. కానీ ఎంత మంచి పనివాడి అతుకైనా ఆమెకు దొరక్కపోవడం జరగదు.

జరిగింది. శనివారం పార్సిల్ విప్పినప్పుడు ఆమె అన్నీ చేసింది. నూలుపోగు అంచుల వెంట లాగింది, ఎక్కడా తట్టుకోలేదు. గోళ్ళరంగు చెరిపే మందులో దూది ముంచి తుడిచింది, దూది తెల్లగానే ఉన్నట్టు కనిపించింది. ఊదారంగు టార్చి వేసి చూసింది. ఆ వెలుతురులో పాత జిగురు నీలంగా మెరుస్తుంది. వంపు దగ్గర ఏదో పలచటి వెలుగు కనిపించిన మాట నిజమే. కానీ ఈ మధ్య ఏ దీపం చూసినా ఆమెకు దాని చుట్టూ ఒక వలయం కనిపిస్తోంది. వీధి దీపానికీ ఉంది, బస్సు దీపాలకీ ఉంది, వంటింటి బల్బుకీ ఉంది. ఇదీ ఆ వలయమే అనుకుంది. తెల్ల చీటీ కట్టింది.

గుడ్డ నాలుగు మూలలూ కలిపి ముక్కల్ని మూటకట్టి సొరుగులో పెట్టింది. ఎందుకో ఆ సొరుగుకు తాళం కూడా వేసింది.

*

ఇంటికి వెళ్ళేసరికి భర్త కూరలు తరుగుతున్నాడు. ముప్పయ్యేళ్ళు బస్సు నడిపిన మనిషి, ఇప్పుడు వంటిల్లు నడుపుతున్నానంటాడు. ఆమె చెప్పులు విప్పుతూ గోడ పట్టుకుని నిలబడితే, "రైట్ రైట్, నెమ్మదిగా దిగండి, వెనక ఇంకెవరూ లేరు," అన్నాడు. మామూలు రోజుల్లో ఆమె నవ్వేది.

భోజనాల దగ్గర మోచేయి విరిగిన సంగతి చెప్పింది. సగమే చెప్పింది. పుర్రచేయి బిగిస్తుంటే విరిగిందనీ, అతన్ని ఇంటికి పంపారనీ. భర్త తినడం ఆపాడు. పోయినేడు వాళ్ళ గోడ గడియారం ఆగిపోతే పుర్రచేయి వచ్చి బాగుచేశాడు. ఒక్క చిన్న స్క్రూ తియ్యడానికి అంతసేపు కూర్చున్న మనిషిని తను ఎక్కడా చూడలేదనీ, అతను తొందరపడి విరగ్గొట్టాడంటే నమ్మబుద్ధి కావడం లేదనీ అన్నాడు.

ఆమె నీళ్ళు తాగే నెపంతో లేచింది. కంటి సంగతి ఆయనకు ఇంకా చెప్పలేదు. ఎడమకంటికి మబ్బు కమ్మి ఏడాది కావస్తోంది. బల్లను కిటికీకి ఇంకో మూరెడు దగ్గరికి జరిపించింది, బల్బు పెద్దది వేయించింది, కళ్ళజోడు మార్చింది. ఆసుపత్రికి మాత్రం వెళ్ళలేదు. వెళితే పేరు పెడతారు. పేరు పెట్టాక అది అందరిదీ అవుతుంది. డిపోలో కళ్ళ పరీక్షలో తప్పాక భర్తను బస్సు దింపేసి గేటు దగ్గర స్టూలు వేసి కూర్చోబెట్టారు, వచ్చే బస్సుల నంబర్లు రాసుకొమ్మని. ఆ మూడేళ్ళూ ఆయన సాయంత్రాలు ఎలా ఇంటికి వచ్చేవాడో చూసింది ఆమె ఒక్కతే.

"కారణం నువ్వే రాయాలా?" అని అడిగాడు ఆయన.

"ఇంకెవరు రాస్తారు?"

ఆయన తన కంచం, ఆమె కంచం తీసుకుని పంపు దగ్గరికి వెళ్ళాడు.

*

మంగళవారం ఆమె ఆ కాగితాన్ని నాలుగుసార్లు రాసింది. మొదటిదాంట్లో జిగురు సంగతి ఉంది. చదువుకుని చింపేసింది. రెండోదాంట్లో పోత లోహం స్వభావం గురించి అరపేజీ ఉంది. దాన్నీ చింపింది. చివరికి మిగిలింది రెండు వాక్యాలు. 'బిగించే సమయంలో విరిగినది. అంతకుముందు చేసిన పరీక్షలో దోషమేదీ కనబడలేదు.' ప్రతి మాటా నిజమే. ఏ కోర్టులోనైనా ప్రమాణం చేసి చెప్పవచ్చు. కింద సంతకం పెడుతుంటే కలం రెండుసార్లు మొరాయించింది. సిరా లేదేమో అనుకుని విదిలించింది. సిరా ఉంది.

యజమాని చదివి, మడిచి, చాలన్నాడు. పక్క గదిలోకి వెళ్ళి పుర్రచేయికి ఫోను చేశాడు. తలుపు ఓరగా ఉంది. అతని మాటలే వినబడ్డాయి. అందులో కోపం లేదు, విసుగే ఉంది. ఖాతాదారు నానామాటలూ అంటున్నాడట, తను కూడా ఎవరికో ఒకరికి జవాబు చెప్పుకోవాలట. వీలు చూసుకుని వచ్చి సామాన్లు తీసుకెళ్ళమన్నాడు. అవతలి మనిషి ఏదో అడిగినట్టున్నాడు. తర్వాత యజమాని గొంతు తగ్గించి అన్న మాట ఆమెకు స్పష్టంగా వినబడింది.

"అక్కయ్య కూడా అదే రాశారు."

ఆ రోజు బల్ల మీదికి తొమ్మిది వస్తువులు వచ్చాయి. ఆమె తొమ్మిదింటికీ పసుపు చీటీలే కట్టింది. అందులో రెండు బంగారంలాంటి సౌండ్ బాక్సులని ఆమె వేళ్ళకు తెలుసు. అయినా కట్టింది. అట్టపెట్టెలు కట్టే ఆవిడ వచ్చి చూసి, "ఏంటక్కయ్యా, ఇవాళ మీ బల్ల మీద చేమంతులు పూశాయి?" అంది. ఆవిడను అందరూ వదిన అంటారు. నోరు మంచిది కాదని పేరేగాని మనిషి మంచిది. అక్కయ్య కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంది. తుడిచినా అద్దాల్లో తేడా ఏం రాలేదు.

*

బుధవారం మధ్యాహ్నం యజమాని పుర్రచేయి బల్ల సర్దిపెట్టమన్నాడు. సగంలో ఆగిన పనులు ఏవో, దేనికి ఏ భాగం కావాలో అతనికి నేర్పిన మనిషికి తప్ప ఇంకెవరికీ అర్థం కాదు కదా అన్నాడు.

ఆ బల్ల ముందు ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. అక్కడినుంచి చూస్తే తన కిటికీ, తన కుర్చీ, తన వీపు ఆనే దిండు కూడా కనబడతాయని అప్పుడే తెలిసింది. అన్నీ ఎడమచేతికి అందేలా ఉన్నాయి. స్క్రూలు పొడవుల వారీగా చిన్న సీసాల్లో ఉన్నాయి. విప్పిన ప్రతి మోటారు పక్కనా ఒక కాగితం. ఏ ముక్క తర్వాత ఏ ముక్క తీశాడో అంకెలు వేసిన బొమ్మ దాని మీద ఉంది. ఇవన్నీ తను నేర్పినవే. తను ఎప్పుడో మానేసినవి.

కింది సొరుగులో, స్ప్రింగులకు పూసే గ్రీజు డబ్బా వెనక, పల్చటి రేకుడబ్బా ఒకటి దొరికింది. తెరిస్తే చీటీలు. అన్నీ తెల్లవే. అన్నిటి మీదా తన అక్షరాలే: దోషం లేదు. దోషం లేదు. దోషం లేదు. తన గుర్తుగా దాచుకున్నాడా అనుకుంది ఒక్క క్షణం. ఒకటి తిరగేసింది. వెనక సన్నటి, వెనక్కి వాలిన రాత.

ఆమె డబ్బా పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. భూతద్దం పెట్టుకుని ఒక్కొక్కటే చదివింది.

'సౌండ్ బాక్సు. వెనక మూత లోపల అతుకు. వేరేది వేశాను.' తేదీ.

'స్ప్రింగు. కొక్కెం పట్టే రంధ్రం దగ్గర పగులు. ఆ మేరకు కోసి కొత్త రంధ్రం వేశాను.' తేదీ.

'మైకా రేకు. అంచున పొర లేచింది. మార్చాను.'

'ఫోనోగ్రాఫ్ చక్రం. లక్కతో అతికించింది. ఇత్తడి పిన్ను కొట్టాను. నిలుస్తుంది.'

ముప్పయి ఒకటి ఉన్నాయి. మొదటిది ఎనిమిది నెలల కిందటిది. చివరిది పోయిన గురువారానిది. ఎక్కడా ఒక నిష్ఠూరం లేదు, ఆమె పేరు లేదు. ఏం దొరికింది, ఏం చేశాడు, అంతే. మొదట్లో పదిరోజులకొకటి ఉన్నాయి. తర్వాత తేదీలు దగ్గరవుతూ వచ్చాయి. పోయిన నెలలో అయితే వారానికి రెండు.

పెట్టెకు టేపు అంటిస్తున్న వదినను, పుర్రచేయి సాయంత్రాలు ఎన్నింటికి వెళ్ళేవాడని అడిగింది. అందరూ అయిదున్నరకు వెళితే అతను రోజూ ఆరున్నర, ఏడు దాకా ఉండేవాడని చెప్పింది వదిన. "ఇంట్లో పెళ్ళాంతో పడదేమో, వెళ్ళబుద్ధి కాదేమో అనుకునేదాన్ని," అంది.

అక్కయ్య మొదటి చీటీ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. సౌండ్ బాక్సు, వెనక మూత. ఆ రోజు ఆమెకు గుర్తుంది. గుర్తు లేదనుకోవడానికి కాసేపు ప్రయత్నించింది, కుదరలేదు. అతను దాన్ని అరచేతిలో పెట్టుకుని ఈ కిటికీ దగ్గరికి వచ్చాడు. "ఒకసారి మళ్ళీ చూస్తారా అక్కా," అన్నాడు, ఎవరికీ వినబడకుండా. ఆమె చూడలేదు. చేయి కూడా చాపలేదు. వదిన, యజమాని, కొరియర్ మనిషి అందరూ వింటుండగా, "నాకే నేర్పేంత వాడివయ్యావా?" అంది. అందరూ నవ్వారు. అతనూ నవ్వి, సౌండ్ బాక్సు తీసుకుని తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

*

గురువారం ఉదయం యజమాని ఇంకా తాళాలు తీస్తుండగానే ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో రేకుడబ్బా, గుడ్డమూట.

లోపలికి వెళ్ళాక రెండూ అతని ముందు పెట్టింది. మూట విప్పి, విరుపులో మాసిన సగం చూపించింది, జిగురు గీత చూపించింది. చెప్పే మాటలు దారిలో అనుకుంటూ వచ్చింది గాని, అవేవీ సమయానికి రాలేదు.

"ఇది పాత అతుకు బాబూ. శనివారమే నాకు కనబడి ఉండాలి. ఎడమకన్ను సరిగా కనిపించడం లేదు. ఏడాదయింది. మంగళవారం నేను రాసిచ్చిన కాగితం అబద్ధం."

అతను కాగితంలో అబద్ధమేముందని అడిగాడు. రెండు మాటలూ నిజమే కదా అన్నాడు.

"అందుకే అబద్ధం," అందామె.

అతను చీటీలు తిరగేసి చదవడం మొదలుపెట్టాడు. పదో చీటీ దగ్గర కూర్చున్నాడు. ఇరవయ్యో చీటీ దగ్గర రెండో ఫోను మోగితే దాన్ని ఆపేశాడు. ఆమె అనుకున్నట్టు కేకలు వేయలేదు. ఎనిమిది నెలలుగా ఈ షాపు నుంచి బయటికి వెళ్ళిన ప్రతి వస్తువు గురించీ తనిప్పుడు ఆలోచించుకోవాలన్నాడు. పుర్రచేయి పట్టుకున్నవి ముప్పయి ఒకటి. అతని బల్లకు వెళ్ళకుండా నేరుగా పెట్టెల్లోకి, కొన్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళినవి ఎన్నో ఎవరికి తెలుసన్నాడు. ఆ మాట ఆమెకు రాత్రంతా తట్టలేదు. ఇప్పుడు తట్టింది. కుర్చీ కోసం చేయి చాపితే అతనే లేచి ముందుకు జరిపాడు.

"రేపట్నుంచి కిటికీ దగ్గర ఎవరు కూర్చుంటారు అక్కయ్యా?"

"అతనే. ఎనిమిది నెలలుగా ఆ పని చేస్తున్నది అతనే కదా."

"మరి మీరు?"

ఆమె విరిగిన ముక్కల్ని మళ్ళీ గుడ్డలో చుట్టింది. ముందు కన్ను చూపించుకుని రమ్మన్నాడు, తర్వాత చూద్దామన్నాడు. ఆ 'తర్వాత చూద్దాం' ఎలాంటిదో ఆమెకు తెలుసు. డిపోలో కూడా అదే మాట అన్నారు. అయినా అది వింటుంటే ఆమె భయపడ్డంత బాధ కలగలేదు. ఏడాదిగా రెండు చేతులా ఎత్తి పట్టుకున్నదేదో దించినట్టు భుజాలు మాత్రం నొప్పి పెట్టాయి.

యజమాని పుర్రచేయికి అయిదారుసార్లు ఫోను చేశాడు. అతను ఎత్తలేదు. సాయంత్రం తను వెళ్ళి వస్తానని అక్కయ్య చెప్పింది.

అతని ఇల్లు రెండో అంతస్తు. ఇరుకైన మెట్లు, మలుపు దగ్గర ఒక్కటే బల్బు. ఆమె గోడ పట్టుకుని, ప్రతి మెట్టూ కాలివేళ్ళతో వెతుక్కుంటూ ఎక్కింది. తలుపు తీసిన అతని భార్య లోపలికి రమ్మంది గాని, ముఖంలో ఆ పిలుపు లేదు. అతను నేల మీద పాత పేపరు పరుచుకుని పక్కింటివాళ్ళ టేబుల్ ఫ్యాను విప్పుతున్నాడు. ఆమెను చూసి లేవబోయాడు, మళ్ళీ కూర్చున్నాడు. కుర్చీ చూపించాడు.

ఆమె మొత్తం చెప్పింది. జిగురు గీత, రెండు వాక్యాల కాగితం, రేకుడబ్బా, పొద్దున యజమానితో అన్న మాటలు. అతను వింటూనే ఫ్యాను రెక్కల మధ్య నట్టు విప్పుతున్నాడు. అది తుప్పు పట్టి ఉంది. ఒక చుక్క నూనె వేసి, ఆగి, మళ్ళీ తిప్పాడు. అలా ఆగడం నేర్పింది కూడా తనే అని ఆమెకు గుర్తుకొచ్చింది. ఇప్పుడది చెప్పుకునే విషయం కాదనీ అనిపించింది.

"నాకెందుకు చెప్పలేదు?" అని అడిగింది, జవాబు తెలిసి కూడా.

"చెప్పాను అక్కా. ఒకసారి."

"రెండోసారి చెప్పకపోయావా?"

"రెండోసారి ఓపిక లేకపోయింది. మీతో చెప్పి ఒప్పించడం కంటే మళ్ళీ నేనే చూసుకోవడం తేలిక. వారానికొకటేగా అనుకున్నాను. తర్వాత ప్రతీదీ చూడాల్సి వచ్చింది." నట్టు ఊడింది. దాన్ని మూతలో వేశాడు. "మీకు మీ పనే. నాకు ఇద్దరి పని. పైగా ఎవరికీ తెలియకుండా చెయ్యాలి. దొంగతనం చేసినట్టుండేది."

భార్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. తనకు కూడా నిన్ననే చెప్పాడని, ఎనిమిది నెలలుగా అర్జెంటు పనులంటుంటే నమ్మి సరిపెట్టుకున్నానని అంది. ఆ మాట ఇద్దరిలో ఎవరిని అంటోందో తెలియలేదు. బహుశా ఇద్దరినీ.

అక్కయ్య అడగకూడదనుకుంటూనే అడిగింది. అన్నీ చూసినవాడివి, ఆ మోచేయి ఎలా తప్పిపోయిందని.

అతను స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. ఆమె వచ్చాక మొదటిసారి పని ఆపాడు.

"శనివారం బాగా తలనొప్పిగా ఉంది. అయిదు నెలలు వెతికిన సరుకు కదా, మీరు రెండుసార్లు చూసే ఉంటారనుకున్నాను. ఆ ఒక్కటీ మిమ్మల్ని నమ్మాను."

అతని గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆమెకు. క్షమించమని అడగడానికే వచ్చింది. ఆ మాట నోటిదాకా వచ్చి, ఈ గదిలో అది మరీ చిన్నదనిపించి, అక్కడే ఆగిపోయింది.

ఫోను మోగింది. అతను చూసి, మోగనిచ్చి, చివర్లో ఎత్తాడు. ఊఁ కొడుతూ విన్నాడు. అటువైపు యజమాని చాలానే మాట్లాడాడు. అంతా అయ్యాక అతను ఒక్కటే అన్నాడు. "సోమవారం వస్తాను. ఆ కాగితం మాత్రం అప్పటిదాకా ఉంచండి. నా ఎదురుగా చింపాలి." ఫోను పెట్టేసి, మళ్ళీ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. ఆమె వైపు చూసి నవ్వలేదు. భార్య లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆమె చేతికిచ్చింది. చేతికి అందేదాకా గ్లాసు వదల్లేదు.

ఆమె నీళ్ళు తాగి లేచింది. వెళ్ళొస్తానంది. గుమ్మం దాటి మొదటి మెట్టు కోసం కాలు చాపేసరికి వెనక తలుపు చప్పుడైంది. అతను చేతులు పాతగుడ్డకు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. మలుపు దగ్గరి బల్బు చుట్టూ పెద్ద వలయం. దాని కింద మెట్లన్నీ కలిసిపోయి ఒకే నున్నటి జారుడుబల్లలా ఉన్నాయి.

"మలుపు దాకా పదకొండు. తర్వాత తొమ్మిది," అన్నాడతను. "ఆఖరిది అంచు విరిగింది."

తెలుసు, ఎక్కి వచ్చినదాన్నేగా, అనబోయింది. ఆ మాట అలవాటుగా నాలుక మీదికి వచ్చేసింది. ఆమె దాన్ని మింగేసింది.

"నాకు కనిపించడం లేదు," అంది. "చెయ్యివ్వు."

అతను ఒక మెట్టు ముందుకు దిగి చేయి ఇచ్చాడు. అరచేయి నిండా నూనె జిడ్డు. గట్టిగా పట్టుకోలేదు, వదిలేసేలానూ పట్టుకోలేదు. ఒకటి, అన్నాడు. ఆమె కిందికి చూడటం మానేసి, ఆ మాట పడిన చోట అడుగు వేసింది. రెండు, అన్నాడు.